తుఫాను పుస్తకం

చిరంజీవి మా మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీకు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో నర్సుగా పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. అన్నయ్య గొంతులో సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. "సముద్రం పక్క ఊరు, తుఫానొస్తే పిల్ల ఒక్కతే ఏం చేస్తుంది?" అన్నాడు. నేను ఆ ఉద్దానం ఊళ్ళలోనే ఏఎన్ఎంగా ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాను కదా. ఏం చేయాలో ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

ముందు తేదీలు చెబుతాను. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలై ఇంకా రెండో రోజు. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. తుఫాను మే నెలలోనూ రావచ్చు, నవంబరులోనూ రావచ్చు. అయినా మన వైపు దెబ్బ ఎక్కువగా ఎప్పుడు పడిందో చూసుకుంటే, వినాయకుడి నిమజ్జనం అయ్యేసరికి నీ ఏర్పాట్లు ముగిసిపోవాలి. "వాయుగుండం" అని టీవీలో విన్నాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి ఒక్క రాత్రిలో వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఇప్పుడు హెచ్చరిక రోజుల ముందే వస్తుంది, జనాన్ని షెల్టర్లకు తరలిస్తారు. గాలికీ నీటికీ పోయే ప్రాణాలు చాలా తగ్గాయి. కానీ తుఫాను వెళ్ళిపోయిన నాలుగో రోజో ఆరో రోజో మందు అందక, డయాలసిస్ అందక, కాన్పుకి దారి లేక పోయే ప్రాణం ఉంటుంది చూడు, అది తుఫాను మృతుల లెక్కలోకి రాదు. పడిన ఇళ్ళ లెక్క రెవెన్యూ వాళ్ళు రాసుకుంటారు. విరిగిన స్తంభాల లెక్క కరెంటు వాళ్ళు రాసుకుంటారు. మూడు రోజులు రోడ్డూ కరెంటూ ఫోనూ లేకపోతే ఊళ్ళో ఎవరు బతకలేరో, ఆ లెక్క మాత్రం నీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

దానికి ఒక పుస్తకం పెట్టుకో. ఫోన్లో యాప్ ఉందంటావు. తిత్లీ అప్పుడు టవర్లు పడిపోయాయి, చార్జింగ్ లేక ఫోన్లు ఆగిపోయాయి. కాగితం మీద పెన్నుతో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళు. నెలలు నిండిన వాళ్ళు, పది రోజుల లోపు బాలింతలు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, మూర్ఛకు, టీబీకి మందులు మింగేవాళ్ళు, మంచం దిగలేని ముసలివాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకున్నవాళ్ళు. పేరు పక్కన ఏ మందు, ఇంకెన్ని రోజులకి ఉంది, ఎత్తుకెళ్ళాల్సి వస్తే ఆ ఇంట్లో ఎవరున్నారు అనేది రాయి. చివరిది చాలామంది రాయరు. కొడుకులు చెన్నైలోనో సూరత్‌లోనో ఉంటారు, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళే మిగులుతారు. ఆ ఇంటికి పక్కింటి కుర్రాడి పేరు ముందే రాసి, ఆ కుర్రాడికీ చెప్పి ఉంచాలి.

గర్భిణుల సంగతి. డ్యూ డేట్ రెండు వారాల లోపు ఉన్నవాళ్ళను హెచ్చరిక రాగానే ఆసుపత్రికి తరలించమని పైనుంచి ఆర్డర్ వస్తుంది. ఆర్డర్ వచ్చినా ఇల్లు కదలదు. ఆవును ఎవరు చూస్తారు, తలుపు తీసి ఎలా పోతాం అంటారు. నా అనుభవంలో కోడలితో మాట్లాడి లాభం లేదు, అత్తగారితో మాట్లాడాలి. "నువ్వు కూడా రా అమ్మా, అక్కడ అన్నం పెడతారు, మనవడిని నువ్వే మొదట ఎత్తుకుందువు గాని" అంటే బయల్దేరతారు. తిత్లీకి ముందు రోజు నేను ఒక ఇంట్లో ఈ మాట అనలేదు. హడావుడిలో పిల్లకి చెప్పి వచ్చేశాను. ఆ పిల్ల రాలేదు. మర్నాడు నొప్పులొచ్చాయి. జాతీయ రహదారి మీదే చెట్లు పడి ఉంటే ఊరి దారి సంగతి చెప్పాలా? కుర్రాళ్ళు నులక మంచం మీద మోస్తుంటే ప్రతి పది అడుగులకీ ఒక పనస మానో జీడిమామిడి మానో అడ్డం. తల్లీ బిడ్డా క్షేమంగానే బయటపడ్డారు. కానీ ఆ నాలుగు గంటలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

దారిలోనో షెల్టర్‌లోనో కాన్పు అయిపోతే బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి పొడిగుడ్డ కప్పు. స్నానం చేయించనివ్వకు. గంటలోపు పాలు పట్టించు. కాన్పయ్యాక నెత్తురు ఎక్కువ పోకుండా వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌కి చల్లదనం కావాలి, కరెంటు లేనప్పుడు నమ్మలేం. దానికి బదులు ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్రలు కిట్‌లో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో. 600 మైక్రోగ్రాములు, బిడ్డ పుట్టాక, లోపల ఇంకో బిడ్డ లేదని కడుపు మీద చెయ్యి పెట్టి చూశాకే ఇవ్వాలి.

ఇక కిడ్నీ రోగులు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలా ఎక్కువ కాబట్టి అక్కడ పని చేసే నర్సుకి ఇది వేరే చోట్ల ఉండని బరువు. పలాసలో 2023 చివర్లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, చాలా మేలు జరిగింది. కానీ రోడ్డు మూసుకుపోతే ఎంత పెద్ద ఆసుపత్రి అయినా దూరమే. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషికి రెండు సార్లు తప్పితే ప్రాణం మీదకి వస్తుంది. హెచ్చరిక రాగానే నువ్వు సెంటర్‌కి ఫోన్ చేసి, వాళ్ళ వంతు ఒక రోజు ముందుకు జరపమని అడుగు. సిగ్గుపడకు, పదిసార్లయినా అడుగు. తుఫానుకి ముందు రోజు డయాలసిస్ అయిన మనిషికి రెండు మూడు రోజులు చేతిలో ఉంటాయి.

తిత్లీ వెళ్ళాక ఊరంతా కొబ్బరి చెట్లు కూలి ఉన్నాయి. ఎక్కడ చూసినా బోండాలే. బావి నీళ్ళు పాడైపోయాయి, కుళాయి రాదు. దాహం వేసిన వాడికి ఎవరైనా ప్రేమగా బోండాం కొట్టి ఇచ్చారు. డయాలసిస్ మీదున్న ఒక పెద్దాయన రెండు రోజులు ఆ నీళ్ళే తాగాడు. మూడో రోజుకి కాళ్ళలో సత్తువ పోయింది, నాడి నెమ్మదించింది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మంచి కిడ్నీలున్న వాళ్ళకి అది బలం, చెడిపోయిన కిడ్నీలున్న వాళ్ళకి గుండె ఆపేసే విషం. ట్రాక్టర్ మీద తీసుకెళ్ళాం, సమయానికి డయాలసిస్ అందింది, బతికాడు. తప్పు ఆయనది కాదు, బోండాం ఇచ్చిన వాళ్ళదీ కాదు. ఆ మాట నేను ముందే ఇంటింటికీ చెప్పి ఉండాల్సింది.

నువ్వు చెప్పు. డయాలసిస్ మనిషి ఉన్న ప్రతి ఇంట్లో, ఆ పక్క నాలుగిళ్ళలో కూడా చెప్పు. బోండాం వద్దు, సాయంగా పంచే అరటిపళ్ళు వద్దు, పులిహోర, పచ్చడి వద్దు. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళకి ఒళ్ళు వాపు, ఊపిరాడకపోవడం. ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది, కాబట్టి వాళ్ళకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకు. తాగే నీళ్ళు ఒక సీసాలో కొలిచి పెట్టు. ఎత్తుకెళ్ళే కుర్రాళ్ళకి ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి చూపించు, ఆ చెయ్యి పట్టి లాగకూడదు. పడుకుంటే ఆయాసం వస్తోందన్నా, ఒళ్ళు బరువైపోయిందన్నా దారి తెరుచుకునే దాకా ఆగొద్దు, దారి చేయించు.

దారి చేయించడం అంటే గుర్తొచ్చింది. ఇది నర్సు పని అని ఎవరూ అనరు, కానీ అక్కడి యువకులకి నువ్వే చెప్పి ఉంచాలి. గొడ్డళ్ళు ఎవరింట్లో ఉన్నాయి, చెట్లు కోసే మిషన్ ఎవరి దగ్గర ఉంది, ట్రాక్టర్‌లో డీజిల్ నింపి ఉంచేది ఎవరు, ఇవన్నీ నీ పుస్తకం చివరి పేజీలో ఉండాలి. నీ దగ్గర రోగుల పేర్లున్నాయి కాబట్టి ఏ దారి ముందు తెరవాలో చెప్పగలిగేది నువ్వే. సర్పంచ్ ఇంటి దారి కాదు, కిడ్నీ మనిషి ఇంటి దారి ముందు. ఈ మాట తుఫాను వచ్చాక అంటే గొడవ అవుతుంది. సెప్టెంబరులో ఊరి సచివాలయంలో అందరినీ కూర్చోబెట్టి అంటే ఒప్పుకుంటారు. మత్స్యకారుల పెద్దలను కూడా పిలువు. సముద్రం మారుతున్నప్పుడు వాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళ మాట ఊరు వింటుంది.

గాలి మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతే ఎవరినీ బయటికి రానివ్వకు. అది తుఫాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి కొడుతుంది. అయిపోయిందనుకుని గొడ్ల కోసం బయటికి వచ్చినవాళ్ళే రేకులకీ చెట్లకీ దెబ్బతింటారు.

బావుల పని కూడా ముందే చెయ్యాలి. నీ పరిధిలో ఉన్న ప్రతి తాగునీటి బావినీ ఇప్పుడే కొలువు. వెడల్పుని వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో హెచ్చించి (అన్నీ మీటర్లలో), మళ్ళీ 785తో హెచ్చిస్తే నీళ్ళు ఎన్ని లీటర్లో వస్తుంది. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్ళుంటే 9,420 లీటర్లు. మంచి బ్లీచింగ్ పొడి అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే ఆ బావికి 24 గ్రాముల లోపే. అది మామూలు రోజుల లెక్క. వరద నీళ్ళు కలిసిన బావికి చాలదు. లోతు పెరిగి ఉంటుంది, మళ్ళీ కొలిచి మొదలుపెట్టు. గంట ఆగి క్లోరోస్కోప్‌తో (నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే కిట్) చూడు, పసుపు రంగు తేలకపోతే మళ్ళీ వెయ్యి. పొడిని నేరుగా బావిలో చల్లేస్తారు, అలా చెయ్యనివ్వకు. బకెట్‌లో ముద్ద చేసి, నీళ్ళు పోసి కలిపి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పై తేటను ఇంకో బకెట్‌లోకి వంచుకుని, తాడు కట్టి బావిలోకి దించి బాగా తిప్పాలి. మూత తీసిన పొడి కొన్నాళ్ళకే చచ్చిపోతుంది. పాత సంచి చూసి స్టాకు ఉందనుకోకు.

విరేచనాలు మొదలైతే చేయాల్సినవి నీకు చదువులోనే నేర్పారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి ఇస్తుంటారు, అలా కాదని కలిపి చూపించు. పిల్లలకి జింక్ పద్నాలుగు రోజులూ ఇవ్వాలి. విరేచనం ఆగగానే మానేస్తారు, అది గమనించు. దాతలు పాలడబ్బాలు, పాలసీసాలు తెస్తే బాలింతల చేతికి పోనివ్వకు. మురికి నీళ్ళతో కలిపిన డబ్బాపాలు బిడ్డకి చేసే చెరుపు అంతా ఇంతా కాదు. తల్లికి కడుపు నిండా అన్నం పెట్టించు, పాలు అవే వస్తాయి.

నీళ్ళు ఎక్కినప్పుడు పాములు ఇళ్ళలోకి, షెల్టర్లలోకి వస్తాయి. నాగుపాము కాటు వాపు వల్ల తెలుస్తుంది. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అని లేస్తారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. కింద పడుకున్న మనిషి అలా లేస్తే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపకు. కాలూ చెయ్యీ కదపనివ్వక, గట్టిగా కట్లు కట్టక, పాము మందు ఉన్న ఆసుపత్రికి పంపించు. అది ఏ ఆసుపత్రిలో ఉందో, స్టాకు ఉందో లేదో హెచ్చరిక వచ్చిన రోజే కనుక్కో.

దెబ్బలు తుఫాను రోజు కంటే తర్వాత ఎక్కువ వస్తాయి. రేకులు సర్దుతూ, చెట్లు నరుకుతూ, కప్పు ఎక్కి జారిపడి. గాయాన్ని శుభ్రమైన నీళ్ళతో ఎక్కువసేపు కడుగు, మురికి గాయాన్ని తొందరపడి కుట్టించకు, ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్ వెయ్యి. టీకాల ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవనివ్వకు. ఇన్సులిన్ వాడేవాళ్ళకి సీసాను కవర్లో చుట్టి నీళ్ళు చెమర్చే మట్టికుండలో పెట్టుకోవడం నేర్పు.

షెల్టర్‌లో రాత్రిపూట ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. బాత్రూమ్ దూరం, చీకటి, మగవాళ్ళ మధ్య నుంచి వెళ్ళాలి. గర్భిణులు కూడా అలాగే ఉగ్గబట్టుకుంటారు. ఒక దీపం, ఒక తెర, తోడు వెళ్ళడానికి ఒక ఆడమనిషి, ఈ మూడూ నువ్వు అడిగితేనే ఏర్పాటవుతాయి. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు కూడా నువ్వే పట్టుకెళ్ళు. అడగడానికి వాళ్ళకి నోరు రాదు.

ఇంకొక్క మాట. ఉద్దానంలో కొబ్బరి చెట్టును పెద్దకొడుకులా చూసుకుంటారు. తిత్లీ తర్వాత కూలిన తోటలో రోజంతా మాట్లాడకుండా కూర్చున్న రైతులను చూశాను. బీపీ చూసే వంకతో వెళ్ళి పక్కన కూర్చో. ఓదార్చకు, "మళ్ళీ నాటుకోవచ్చులే" అనకు. కొత్త మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆయనకి నీకంటే బాగా తెలుసు. చెట్ల గురించే అడుగు, చెప్పనీ. అన్నం మానేసినా, నిద్ర మానేసినా ఇంట్లోవాళ్ళకి చెప్పి పురుగుమందు డబ్బాలు తీయించి దాచమను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

నీ సంగతి కూడా చూసుకో. బూట్లు, టార్చి, పొడిబట్టలు ఒక సంచిలో ఉంచు. అన్నం తిను, ఆశాతో వంతులు వేసుకుని నిద్రపో. మీ నాన్నకి ముందే చెప్పు, మూడు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని. నేనూ చెబుతాను.

పుస్తకం మొదలుపెట్టినప్పుడు, మీ సెంటర్ వెనక వీధిలో వేపచెట్టు పక్క ఇంటికి ముందు వెళ్ళు. అక్కడ ఒక మామ్మ ఉంటుంది. మందులున్నాయా అంటే ఉన్నాయనే అంటుంది. ఆ మాట నమ్మకు, డబ్బా తెమ్మని మాత్రలు లెక్కపెట్టు. మోకాళ్ళ నొప్పికి కొట్లో బిళ్ళలు కొనుక్కుని మింగుతుంటుంది, కిడ్నీకి మంచిది కాదని నేను చాలాసార్లు చెప్పాను. నేను అడిగానని చెప్పు.

మీ అత్త