మర పట్టించిన కారం నాలుగు నెలలకే ఎందుకు వెలిసిపోతోంది?

అడిగింది విజయవాడ వాళ్లు. గుంటూరు వెళ్లి మంచి కాయ తెచ్చి పట్టించినా కారం ఇటుకపొడి రంగుకు దిగిపోతోందట, ప్యాకెట్ కారం మాత్రం ఎర్రగానే ఉంటోందట. రంగు కలుపుతారా అని సందేహం.

కలిపేవాళ్లు ఉన్నారు. కానీ మీ కారం చెడేది మాత్రం మర దగ్గర్నుంచి మీ వంటింటి అలమర దాకా జరిగే పనుల వల్లే.

మిరపకాయ ఎరుపులో ఎక్కువ భాగం క్యాప్సాంథిన్‌ది. 40 కార్బన్లున్న పొడవాటి గొలుసులాంటి అణువు. నీలం, ఆకుపచ్చ వెలుతురు పీల్చుకుంటుంది కాబట్టి మన కంటికి ఎరుపు మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ గొలుసును తెంపితే రంగు పోయినట్టే. కాయగా ఉన్నంతకాలం తోలు కొంత కాపాడుతుంది. పొడి చేస్తే ప్రతి రేణువుకీ గాలి తగులుతుంది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌కి అసలు రంగే లేదు, అందుకే వెలిసిన కారం కూడా నోరు మండిస్తుంది. ఎర్రగా ఉంటే ఘాటెక్కువని కొనేవాళ్లు దయచేసి ఆ మాట మర్చిపోండి. కర్ణాటక మిరప రకం బ్యాడిగి చూడండి, ముదురెరుపు, ఘాటు తక్కువ. తేజ రకం నోరు కాల్చేస్తుంది, రంగులో బ్యాడిగి దరిదాపులకు రాదు. పచ్చళ్లకైతే 5 కిలోలకు 3 కిలోలు గుంటూరు సన్నం రకం, ఒకటిన్నర బ్యాడిగి, అర కిలో తేజ వేయించుకోండి.

కాయ తెచ్చాక తాలు ఏరేయండి, తొడిమలు తీయండి. గింజ మొత్తం తీసేయొద్దు. గింజ వల్ల మొదటి రోజు పొడి కాస్త పాలిపోయినట్టు కనిపించినా, దాని నూనె పొడికి పట్టి రంగును కొంత నిలబెడుతుంది. ఎండ రెండు రోజులు చాలు. వారం ఎండబెడితే మర ఎక్కకముందే రంగు కొంత పోతుంది.

అసలు నష్టం మర దగ్గర. ఆగకుండా తిరిగే మర నుంచి పొడి చెయ్యి పెట్టలేనంత వేడిగా పడుతుంది. దాన్ని అలాగే ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి కట్టి చేతికిస్తారు. ఇంటికొచ్చేసరికి కవరు లోపల చెమట పట్టి, అంచుల్లో ఉండలు కడుతుంది. వేడీ తేమా కలిసి రంగును తినేస్తాయి, ఉండల్లో బూజు మొదలవుతుంది. గిన్నెలో పట్టించుకోండి. ఇంట్లో నీడన, నూలు గుడ్డ మీద పలచగా పరిచి, పూర్తిగా చల్లారాకే ఎత్తండి. స్టీలు డబ్బాలో అదిమి నింపాలి, పైన ఖాళీ ఉంటే అదంతా గాలే. నెలకు సరిపడా బయట ఉంచి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి. కిటికీ పక్కన గాజు సీసాలో కారం పెట్టే అలవాటు మాత్రం మానాలి. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్నది కాయ రంగు నిలబెట్టడానికి కూడా. మనం ఆ కాయనే తెచ్చి పొయ్యి పక్కన పెడుతున్నాం.

ఇక కల్తీ. గ్లాసు నీళ్లలో కారం చల్లితే ఎర్రటి చారలు దిగితే నీటిలో కరిగే రంగు కలిపారని అర్థం. క్యాప్సాంథిన్ నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కాదు. అయితే ఈ పరీక్ష సుడాన్ అనే పారిశ్రామిక రంగుల్ని పట్టలేదు, అవీ నూనెలోనే కరుగుతాయి. 2003లో మన దేశం నుంచి యూరప్ వెళ్లిన కారంలో దొరికింది ఆ సుడాన్ రంగే. దాన్ని ల్యాబ్ మాత్రమే తేల్చగలదు. గ్లాసులో చార రాలేదు కాబట్టి స్వచ్ఛమని ఎవరైనా చెబితే నమ్మకండి.