హర్లీ మీద డాక్యుమెంటరీ తీస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ మీద నీ స్క్రిప్టు చదివాను. సిడ్నీ, బాల్యం, మొదటి కెమెరా అంటూ పేజీలు నింపేశావు. అదంతా రెండు వాక్యాల్లో తేల్చెయ్. 1911లో అన్వేషకుడు డగ్లస్ మాసన్ వెంట అంటార్కిటికా వెళ్ళాడు అని మొదలుపెట్టు, చాలు.

అసలు కథ ఎండ్యూరెన్స్ ఓడ దగ్గరుంది. 1915లో ఆ ఓడలో వెళ్ళిన అన్వేషకుడు షాకిల్టన్ బృందం అంటార్కిటికా దగ్గరి వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకుంది. ఓడ నలిగి నీళ్ళు నిండాక, హర్లీ చొక్కా విప్పి ఆ మంచునీళ్ళలోకి దిగి నెగటివ్‌ల డబ్బాలు పైకి తీశాడు. అందరూ చూపించేది ఇదే. నువ్వూ చూపించు, కానీ అక్కడితో ఆపకు. తర్వాత షాకిల్టన్, అతనూ మంచు మీద కూర్చుని ఆ నెగటివ్‌ల గాజు పలకలన్నీ ఏరారు. సుమారు 120 ఉంచుకుని, 400 దాకా పగలగొట్టేశారు. పడవల్లో అంతకుమించి బరువు మోయలేరు. ఊరికే పక్కన పడేస్తే మళ్ళీ మనసు మారుతుందని పగలగొట్టడం! మనమైతే ఎడిటింగ్ రూములో "ఈ ఒక్క షాటూ ఉండనీ సార్" అని బతిమాలే బాపతు. ఈ ఘట్టానికి నాలుగు నిమిషాలైనా ఇవ్వు. మ్యూజిక్ వద్దు, గాజు పగిలే చప్పుడు చాలు.

ఆ తర్వాత అతని చేతిలో మిగిలింది చిన్న కొడాక్ కెమెరా, మూడు రోల్స్ ఫిల్మ్. 1916 ఆగస్టు 30న చిలీ ఓడ యెల్చో వచ్చేదాకా ఎలిఫెంట్ దీవిలో వాటితోనే నెట్టుకొచ్చాడు.

నువ్వు దాటేసినది ఒకటుంది. ఆ ఏడాది ఏప్రిల్లో షాకిల్టన్ ఆ దీవి నుంచి సాయం కోసం జేమ్స్ కెయిర్డ్ పడవలో బయల్దేరినప్పటి ఫోటోనే, తర్వాత రక్షించడానికి వచ్చినప్పటిదిగా మార్చి చూపించారు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధరంగంలోనూ హర్లీ కొన్ని నెగటివ్‌లు కలిపి ఒకే ఫోటోగా చేసి, ఆస్ట్రేలియా యుద్ధ విలేకరి చార్లెస్ బీన్‌తో గొడవ తెచ్చుకున్నాడు. అలా కలిపితే అది బూటకమే అని బీన్ వాదన. యుద్ధం మొత్తం ఒక్క నెగటివ్‌లో పట్టదని హర్లీ వాదన. నాకైతే బీన్ మాటే సబబనిపిస్తుంది, అయినా హర్లీ బాధ అర్థమవుతుంది. హీరోకి మచ్చ అని టెన్షన్ పడి దీన్ని కోసెయ్యకు. ఇద్దరి వాదనా పెట్టు.

ఇంకోటి. సౌత్ జార్జియా దీవిలో జంతువుల షాట్లు తీయడానికి అతను 1917లో మళ్ళీ వెళ్ళాడు. నువ్వు వాటిని ఓడ మునిగే సీను పక్కన అతికించావు. వాడుకో, కింద సంవత్సరం మాత్రం వెయ్యి.

ఫుటేజీ హక్కుల కోసం ఆర్కైవులకు ఈ వారమే మెయిల్ పెట్టు. ఎడిటింగ్ మొదలయ్యాక అడిగితే వాళ్ళ జవాబు కోసం ఖాళీగా కూర్చోవాలి.

మీ మావయ్య