మా పాప ఇంజనీరింగ్ వద్దంటోంది, కొండ మీద సూర్యుడి కణాలు పట్టుకుంటానంటోంది!

గాజువాక నుంచి ఒక నాన్నగారు అడిగారు: "నాది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. సోలార్ ఫ్లేర్స్ నుంచి వచ్చే కణాల్ని కొండల మీద ల్యాబుల్లో పట్టుకుంటారంట, అదే చదువుతానంటోంది. దాంట్లో ఉద్యోగాలుంటాయా?"

ఉంటాయి సార్, కానీ తక్కువ, పైగా లేటు. ముందు ఆ పనేంటో చూడండి. ఫ్లేర్ అంటే సూర్యుడి మీద పెద్ద పేలుడు, అది జరిగితే ప్రోటాన్లు, న్యూట్రాన్లు దూసుకొస్తాయి, మన బీచ్ రోడ్డు దాకా వచ్చేసరికి చాలావరకు గాలే మింగేస్తుంది, అందుకే ఎత్తు కావాలి. చాలా ప్రోటాన్లని భూమి అయస్కాంత క్షేత్రం పక్కకి తిప్పేస్తుంది, న్యూట్రాన్‌కి చార్జి లేదు కాబట్టి తిన్నగా వచ్చేస్తుంది, కాకపోతే దాని ఆయుష్షే సగటున పావుగంట లోపు, వెలుగుకే 8 నిమిషాలు పట్టే దూరం, ఇంక దార్లో ఎన్ని పోతాయో చూడండి! నేల మీద ఈ సూర్యుడి న్యూట్రాన్లని మొదటిసారి పట్టింది 1982 జూన్ 3న, స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రౌయోక్ కొండ మీద.

మనకైతే ఊటీలో టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ల గ్రేప్స్-3 ల్యాబు ఉంది, 2,200 మీటర్ల ఎత్తులో. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు గాలిని గుద్దుకుంటే పుట్టే చిన్న కణాలే మ్యూఆన్లు, అక్కడి మ్యూఆన్ టెలిస్కోప్ అంటే అద్దాలేం ఉండవు, 6 మీటర్ల పొడవు చదరపు ఇనుప గొట్టాలు వేలల్లో పేర్చి ఉంటాయి, ఒక్కోదాంట్లో గ్యాసు, మధ్యలో సన్నటి టంగ్‌స్టన్ తీగ. ఇనుము సంగతి మీకు నేను చెప్పాలా! 2015 జూన్ 22న సౌర తుఫాను తగిలి భూమి అయస్కాంత కవచం బలహీనపడితే 2 గంటల పాటు మ్యూఆన్ల లెక్క పెరగడం ఈ గొట్టాల్లోనే దొరికింది. రోజువారీ పని మాత్రం సర్క్యూట్లు బాగుచేసుకోవడం, గాలి ప్రెజర్‌కి లెక్కలు సరిచేయడం, కోడ్ రాయడం.

అందుకే పాపతో గొడవ పెట్టుకోకండి. సైన్సు డిగ్రీ సీట్లకి ఐసర్ ఐఏటీ, నెస్ట్ ఎంట్రన్స్‌లు రాయించండి, ఈఏపీసెట్ కూడా రాయమనండి, ఏం పోతుంది. సీటు రాకపోతే ఇక్కడే బీఎస్సీ చేసి ఏయూలో ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఆ తర్వాత నెట్ లేదా జెస్ట్ రాసి పీహెచ్‌డీ. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 ఇస్తారు, కానీ పర్మనెంట్ ఉద్యోగం మాట ముప్ఫై దాటాకే, ఈలోపు చుట్టాలు పెళ్లి గోల మొదలెడతారు, దానికి మీరే అడ్డం నిలబడాలి.

ఈలోపు పాపకి ఒక పని చెప్పండి. న్యూట్రాన్ మానిటర్ల (నేల మీద ఈ కణాల లెక్క తీసే యంత్రాల) డేటా ఎన్ఎమ్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటుంది, 2005 జనవరి 20ది తీసి గ్రాఫ్ గీయమనండి. గ్రాఫ్‌లో కనిపించే ఎగుడు ఎందుకొచ్చిందో తనే తవ్వుకుంటూ కూర్చుంటే పంపించేయండి, బోర్ కొట్టిందంటే అప్పుడు ఈసీఈ మాట ఎత్తండి.