ఎన్ని లీటర్లు ఇస్తుందని కాదు, దూడ ఎలా ఉందని అడగండి

"ఇంటి అవసరానికి ఒక దేశవాళీ ఆవును కొనాలనుకుంటున్నాం. రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తే మంచి ఆవు అనుకోవాలి?" అని అడిగారు. లీటర్ల లెక్కతోనే మొదలుపెట్టేటట్టయితే ఒంగోలు ఆవు జోలికి వెళ్ళకండి. ఒక ఈతకు సగటున 800 లీటర్లు ఇస్తే గొప్ప. మా వైపు పాల కోసం ఆవును పెంచినవాళ్ళు తక్కువ, కోడెల కోసమే పెంచేవాళ్ళు. పాలకు గేదె ఉండేది.

మాది ఒంగోలు పక్కన పల్లెటూరు. మా తాత హయాం నుంచి కొట్టంలో ఆవుల మంద ఉంది. వాటన్నిటిలోకీ ఇప్పటికీ మా ఇంట్లో అందరూ తలుచుకునేది కొత్తావునే. పొరుగూరి నుంచి కొని తోలుకొచ్చినప్పుడు కొత్తావు అన్నాం, ముసలిదై పోయేదాకా అదే పేరు. తెల్లటి ఒళ్ళు, కాటుక పెట్టినట్టు కళ్ళు, మోకాళ్ళ దాకా వేలాడే గంగడోలు. అది కుడితి తొట్టి దగ్గరికి వస్తే మిగతా ఆవులు పక్కకి తప్పుకునేవి. సాయంత్రం బీడు నుంచి మంద తిరిగొచ్చేటప్పుడు ముందు నడిచేది అదే. వేరే ఆవు దూడ పొరపాటున పొదుగు దగ్గరికొచ్చిందా, కొమ్ము విసిరేది. ఏ ఆవైనా అంతే లెండి, తన దూడను తప్ప ఇంకో దూడను రానివ్వదు.

ఒక వేసవిలో మా మందలో తొలిచూలు ఆవు ఈనింది. ఈనిన వారంలోపే గడ్డివామి దగ్గర పాము కరిచి చచ్చిపోయింది. జున్నుపాలు తాగి నిలదొక్కుకున్న కోడెదూడ ఒంటరిదైపోయింది. సీసాతో గేదెపాలు పట్టబోతే నోరు తెరవలేదు. రోజంతా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. కొత్తావు అప్పటికి ఈని కొన్నాళ్ళే అయింది, దాని దగ్గర కూడా కోడెదూడే. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు చేసే పని ఒకటుంది. పరాయి దూడ వీపుకు ఉప్పూ బెల్లమూ రాసి ఆవు ముందుకు తోస్తారు, రుచికి నాకుతూ నాకుతూ అలవాటు పడుతుందని. నాయనమ్మ బెల్లం నలుపుతూ కూర్చుంది. నాన్న పాలు తీయడానికి కొత్తావు దూడను విప్పాడు.

కొత్తావు చేపలేదు. సొంత దూడ పొదుగును ఎంత కుమ్ముతున్నా పాలు దిగలేదు. కొట్టం ఆ చివర కట్టేసిన దూడ అరుస్తుంటే చెవులు అటే తిప్పి నిలబడింది. కాసేపటికి పలుపు బిగదీసి ఒక్క గుంజు గుంజింది. కట్టుగుంజ ఊడొచ్చింది. దాన్ని ఈడ్చుకుంటూనే వెళ్ళింది. పొడుస్తుందేమోనని నాన్న కర్ర తీసుకుని వెనకే పరిగెత్తాడు. అది దూడ తోక కింద వాసన చూసింది, ఒకసారి బుస్సుమంది. తర్వాత నడుము దగ్గర మొదలుపెట్టి మెడ దాకా, వెంట్రుక ఎదురు లేచేలా నాకడం మొదలుపెట్టింది. దూడ వణుకుతూ ముందు కాళ్ళ మధ్య వెతికింది, పొట్ట కింద వెతికింది, చివరికి చన్ను దొరకబుచ్చుకుంది. ఆ కుమ్ముడికి కొత్తావు కదల్లేదు. నాయనమ్మ చేతిలో బెల్లం చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి రెండు దూడలూ చెరో పక్కన నిలబడితే తప్ప చేపేది కాదు. ఒకదాన్నే విడిచి చూశాం, పాలు బిగబట్టేది. దాంతో ఆ ఈతంతా మాకు చెంబెడు పాలు కూడా మిగల్లేదు. గేదె కూడా వట్టిపోయాక, కొట్టం నిండా ఆవులున్న ఇంట్లో పాల ప్యాకెట్ కొని టీ పెట్టుకున్నాం. మీ లీటర్ల లెక్కన ఆ ఏడు దానికి సున్నా మార్కులు. మా తాత మాత్రం దాన్ని చూపించి, ఇంత మంచి ఆవు జిల్లాలో లేదనేవాడు. నేనూ అదే అంటాను.

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవుకు నలభై లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారని మన వాళ్ళందరూ వీడియోలు పంచుకున్నారు. బరువు 1,101 కిలోలట. అది నెలోర్ జాతి, మన ఒంగోలు రక్తమే. 1960లలో ఒంగోలు దగ్గరి మన కరవది ఊరి నుంచి వెళ్ళిన ఆంబోతు సంతతిని వాళ్ళు ఇప్పటికీ వంశవృక్షాలు రాసి కాపాడుకుంటున్నారు. ఇక్కడేమో ఒంగోలు పక్క ఊళ్ళలోనే, ఆవు ఎదకొచ్చిందనగానే జెర్సీ ఆంబోతు వీర్యం సూది వేయించేవాళ్ళున్నారు. చదలవాడలో, లాంలో ఒంగోలు పశువుల ఫారాలు ఉన్నాయి, మంచిదే. కానీ రైతు కొట్టంలో ఆవు లేకుండా ఫారాలు జాతినంతా ఎంతకాలం నిలబెడతాయి? మేత బీళ్ళలో జామాయిల్, సుబాబుల్ వేసేశారు. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి నలిగి చేలోనే పడిపోతోంది, చాలామంది తగలబెట్టేస్తున్నారు. వామి వేసే ఇల్లు మా వీధిలో ఇప్పుడు మాదొక్కటే. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆ రెండు కోడెలూ ఒకే పొదుగు తాగి జతగా పెరిగాయి. పాలపళ్ళ మీద ఉండగానే బండలాగుడు పందేల వాళ్ళు బేరానికొచ్చారు. తాత విడిగా అమ్మనన్నాడు, జతగానే ఇచ్చాడు.

మీరు ఆవును చూడ్డానికి వెళ్ళేటప్పుడు సాయంత్రం పాలు తీసే వేళకు వెళ్ళండి. చెంబు వైపు చూడకండి. పాలు దిగడానికి సూది వేయకుండా, దూడ నోరు పెట్టగానే చేపుతోందా చూడండి. దూడ వెంట్రుక నిగనిగలాడుతోందా, పక్కటెముకలు తేలాయా చూడండి. కిందటి ఈత దూడ ఎక్కడుందో అడిగి, దాన్నీ చూపించమనండి. "దూడ పోయిందండీ, పాలు మాత్రం బ్రహ్మాండంగా ఇస్తుంది" అన్నారా, బేరం ఆడకుండా వచ్చేయండి.