రిసార్టుకు సొంత కారు సర్వీసు పెట్టాలంటే ముందు ఖాళీ కిలోమీటర్లు లెక్కవేయాలి

రుషికొండ దాటి భీమిలి వెళ్లే దారిలో నలభై గదుల రిసార్టు, దానికి ఆనుకొని చిన్న వాటర్ పార్కు నడుపుతున్నామని మీరు రాశారు. అమెరికాలోని డిస్నీ వరల్డ్ తన అతిథుల కోసం ఫోనులో పిలిస్తే వచ్చే సొంత కార్లు పెట్టినట్టే, మీరూ ఐదు కార్లు కొని సొంత యాప్ చేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. ఈ విషయంలో నాకు రెండు వైపుల నుంచీ అనుభవం ఉంది. మీ తీరం మీదే ఒక రిసార్టులో తొమ్మిదేళ్లు ట్రావెల్ డెస్క్ బాధ్యత చూశాను. మీరు చెప్పిన ఆ డిస్నీ కారులో 2023లో మా అమ్మాయి కుటుంబంతో కలిసి ప్రయాణం చేశాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. అతిథులను తీసుకురావడం, దింపడం మీ బాధ్యతగా తీసుకోండి. కార్లు మాత్రం కొనకండి, యాప్ జోలికి అసలే పోకండి.

ముందుగా డిస్నీ సంగతి. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను 1971 అక్టోబరులో తెరిచారు. దాని విస్తీర్ణం సుమారు 25,000 ఎకరాలు. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం, టౌన్‌షిప్ కలిసి ఎంత దూరం సాగుతాయో చూసినవారికి ఆ విస్తీర్ణం కొంత ఊహకు అందుతుంది. అందులో నాలుగు పెద్ద పార్కులు, రెండు వాటర్ పార్కులు, పాతికకు పైగా హోటళ్లు ఉన్నాయి. పార్కుకూ పార్కుకూ మధ్య కొన్నిచోట్ల పది కిలోమీటర్ల దూరం ఉంటుంది. తిరగడానికి బస్సులు, పడవలు, మోనోరైలు, 2019 నుంచి తీగల మీద నడిచే కేబుల్ కార్లు ఉన్నాయి, వీటికి విడిగా టికెట్టు లేదు. ఇన్ని ఉన్నా 2017 జులైలో మిన్నీ వ్యాన్ పేరుతో కార్లు ప్రవేశపెట్టారు. ఎర్ర రంగు మీద తెల్లని చుక్కలతో, మిన్నీ మౌస్ గౌనులాగా కనిపించే పెద్ద షెవర్లే కార్లు అవి, ఆరుగురు కూర్చోవచ్చు. నడిపేవారు డిస్నీ ఉద్యోగులే. కారును పిలిచే యాప్ మాత్రం డిస్నీ చేయించినది కాదు, లిఫ్ట్ అనే క్యాబు సంస్థది. అంత పెద్ద సంస్థ కూడా యాప్ తయారీ తన పని కాదనుకుని, అప్పటికే జనం ఫోన్లలో ఉన్నదాన్ని వాడుకుంది. మొదట్లో ఆవరణ లోపల ఎంత దూరానికైనా 20 డాలర్లు తీసుకునేవారు, తరువాత దూరాన్ని బట్టి ఛార్జీ పెట్టారు. కరోనా కారణంగా 2020 మార్చిలో ఆపేసి, 2022 జూన్ చివర్లో మళ్లీ మొదలుపెట్టారు.

మేము వెళ్లినప్పుడు మా మనవడికి మూడేళ్లు. మొదటి రోజు ఖర్చు తగ్గుతుందని అల్లుడు మామూలు క్యాబునే పిలిచాడు. వచ్చిన డ్రైవరు పిల్లవాణ్ని చూసి, చిన్నపిల్లల సీటు లేకుండా తీసుకెళ్లలేనని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. ఫ్లోరిడా చట్టం ప్రకారం 5 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు కారులో ప్రయాణించాలంటే వారికి ప్రత్యేక సీటు ఉండాలి. అల్లుడు గదికి వెళ్లి, విమానంలో తెచ్చుకున్న సీటును మోసుకొచ్చి, మరో కారు పిలిచాడు. ఆ కారు మమ్మల్ని మేజిక్ కింగ్‌డమ్ పార్కు గేటు దగ్గర దింపలేదు. బయటి కార్లన్నీ సరస్సుకు ఇవతల ఉన్న టికెట్ సెంటరు దగ్గరే ఆగాలి, అక్కడి నుంచి పడవలోనో మోనోరైలులోనో అవతలికి చేరాలి. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ వరుసలో నిలబడీ నిలబడీ అలసిపోయింది. పైగా ఆ సీటును రోజంతా పిల్లవాడి స్ట్రోలరుకు వేలాడదీసుకుని పార్కంతా తిప్పవలసి వచ్చింది.

మర్నాడు మిన్నీ వ్యాన్ పిలిచాం. కారు నడిపిన ఆవిడ ముందు దిగి వచ్చి, మావాడికి చేయి ఊపి పేరు అడిగింది. తరువాత లోపల సిద్ధంగా ఉన్న సీటులో కూర్చోబెట్టి, భుజాల మీది పట్టీ బిగించింది. పట్టీకీ చొక్కాకూ మధ్య రెండు వేళ్లు పెట్టి వదులుగా ఉందో లేదో చూసి, ఇంకొంచెం లాగి, మళ్లీ వేళ్లు పెట్టి చూసింది. అప్పుడు మా అమ్మాయి ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ కారు సరస్సు దగ్గర ఆగకుండా నేరుగా పార్కు ప్రవేశద్వారం సమీపంలోకి వెళ్లింది. మామూలు క్యాబుకు పధ్నాలుగు డాలర్లయిన చోట దీనికి ముప్పై అయిదు డాలర్ల పైచిలుకు అయింది. రెండున్నర రెట్లు ఇచ్చినా మాకు భారమనిపించలేదు. పిల్లవాడి సీటు, గేటు దాకా వెళ్లే వీలు, అడిగితే సమాధానం చెప్పే మనిషి, ఈ మూడింటి కోసమే ఆ డబ్బు ఇచ్చాం.

ఇంతవరకు చదివితే మీరూ పెట్టుకోవచ్చనే అనిపిస్తుంది. నేను పనిచేసిన రిసార్టు యజమానికీ అలాగే అనిపించింది. అక్కడ జరిగినది దాచకుండా చెబుతాను.

మొదట ఆయన సొంత కారునే అతిథులకు తిప్పి డబ్బు తీసుకున్నాం. తెల్ల నంబరు ప్లేటు కారు కిరాయికి తిప్పకూడదు. టాక్సీ పర్మిట్ ఉండాలి, పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, దానికి తగ్గ బీమా ఉండాలి. హనుమంతవాక దగ్గర తనిఖీలో కారు ఆపేశారు, అందులో ఉన్న అతిథులను ఎండలో దించి ఆటో ఎక్కించవలసి వచ్చింది. తప్పు పూర్తిగా మాదే. ఆ తరువాత నిబంధనల ప్రకారం నాలుగు టాక్సీలు కొన్నాం, ఆరుగురు డ్రైవర్లను జీతానికి పెట్టాం. పధ్నాలుగు నెలలు నడిపి, నాలుగింటినీ నష్టానికి అమ్మేశాం.

నష్టం ఎక్కడ వచ్చిందో కార్ల రిజిస్టరులో స్పష్టంగా కనిపించింది. హైదరాబాద్ నుంచి వచ్చే రైళ్లు పొద్దున్నే దిగుతాయి. అతిథులను తీసుకురావడానికి కారు మా దగ్గర నుంచి స్టేషనుకు ఖాళీగా వెళుతుంది. పదకొండు గంటలకు గదులు ఖాళీ చేసినవారిని దింపి మళ్లీ ఖాళీగా వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నాలుగు కార్లూ చెట్టు కింద నిలబడతాయి. సాయంత్రం అయిదయ్యేసరికి అందరూ ఒకేసారి కైలాసగిరికో, ఆర్కే బీచ్ దగ్గర సబ్‌మెరైన్ మ్యూజియానికో వెళతామంటారు, అప్పుడు నాలుగు సరిపోవు. బాగా రద్దీగా ఉండే డిసెంబరులో కూడా వంద కిలోమీటర్లు తిరిగితే అతిథులు కారులో ఉన్నవి నలభై మూడు. మిగతా యాభై ఏడూ డీజిలు కాల్చుకుంటూ ఖాళీగా తిరిగినవే. వానాకాలంలో వారాంతాలు తీసేస్తే ఇంకా అన్యాయం.

డిస్నీకి ఈ బాధ లేదు. ఒక కుటుంబాన్ని హోటలు నుంచి పార్కుకు దింపిన కారుకు, అదే పార్కు నుంచి మరో హోటలుకో, మరో పార్కుకో వెళ్లే కుటుంబం అక్కడే ఎదురుచూస్తూ ఉంటుంది. ఆవరణలో ఏ మూల దింపినా అక్కడే తరువాతి బేరం ఉంటుంది. మనకు దింపే చోటు నగరంలో ఉంది, ఎక్కించుకునే చోటు భీమిలి రోడ్డులో ఉంది, మధ్యలో ఇరవై కిలోమీటర్ల ఖాళీ ఉంది. యాప్ క్యాబుల డ్రైవర్లు రాత్రిపూట మన వైపు రావడానికి వెనుకాడేదీ ఇందుకే. ఫోన్ చేసి ఎక్కడికని అడిగి, ఊరు వినగానే రద్దు చేస్తారు, లేదా తిరుగు ఛార్జీ కూడా ఇమ్మంటారు. అతిథులు వారిని తిట్టుకుంటారు గాని, ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు వారి జేబులోంచే పోతుందని నాలుగు కార్లు నడిపాక నాకు అర్థమైంది.

సొంత కార్లున్నా అవసరానికి అందవని తెలిసిన రాత్రి ఒకటుంది. రాజమండ్రి నుంచి వచ్చిన కుటుంబంలో పసిపాపకు రాత్రి తొమ్మిదిన్నరకు జ్వరం పెరిగింది. ఎంవీపీ కాలనీలోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా కార్లలో ఒకటి స్టేషను దగ్గర, ఒకటి సింహాచలం దారిలో ఉన్నాయి. మిగతా రెండింటి డ్రైవర్లు డ్యూటీ దిగి వెళ్లిపోయారు. యాప్‌లో పిలిస్తే మూడు కార్లు వరుసగా రద్దయ్యాయి. పాప నాయనమ్మ మా కౌంటరు అంచు పట్టుకుని, "బండి వస్తుందా రాదా బాబూ, ఏదో ఒకటి చెప్పండి" అంటూ నిలబడింది. చివరికి మంగమారిపేటలో సొంత టాక్సీ ఉన్న ఒకాయనకు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు. "ముందే ఒక ఫోను కొడితే వచ్చీవోడిని కదండీ, ఇంతసేపు ఏటి చేస్తన్నారు?" అని నన్ను మందలించి, పాపను ఎక్కించుకుని వెళ్లాడు. మా గేటుకు నాలుగు కిలోమీటర్ల లోపే కారు ఉన్న మనిషిని వదిలేసి, మేము ముప్పై లక్షల పైచిలుకు పెట్టి కార్లు కొన్నాం.

కార్లు అమ్మేశాక మేము చేసిన ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. మీకు చెప్పదలచుకున్నదీ అదే. మంగమారిపేట, కాపులుప్పాడ, కొమ్మాది, ఎండాడ ప్రాంతాల్లో సొంత టాక్సీలున్న ఆరుగురితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం. వారి ఇళ్లు దారిలోనే ఉన్నాయి కనుక ఖాళీ ప్రయాణం సగానికి సగం తగ్గింది. మా పని లేనప్పుడు వారు బయటి బేరాలు, యాప్ బేరాలు చేసుకుంటారు. మాకు కార్లు కావలసిన రెండు సమయాల్లో, అంటే పొద్దున రైళ్ల వేళ, సాయంత్రం అయిదు వేళ, ఎవరెవరు రావాలో ముందు రోజు రాత్రే ఖరారవుతుంది. రాత్రి తొమ్మిది తరువాత ఒకరు వంతులవారీగా రిసార్టులోనే పడుకుంటారు. బేరం తగలకపోయినా ఆ రాత్రికి మేము డబ్బు ఇస్తాం. ఈ రాత్రి కూలి విషయంలో మా యజమాని చాలాకాలం గీసి గీసి బేరమాడారు. మీరు అలా చేయకండి. పాపకు జ్వరం వచ్చిన రాత్రిలాంటి రాత్రుల్లో మీ పేరు నిలబెట్టేది అదొక్కటే.

ఛార్జీల పట్టిక రిసెప్షనులో గోడ మీద ఉండాలి. స్టేషనుకు ఎంత, విమానాశ్రయానికి ఎంత, తొట్లకొండకు వెళ్లి రావడానికి ఎంత, నిరీక్షణకు గంటకు ఎంత అన్నది అందరికీ కనిపించాలి. రద్దీని బట్టి రేటు పెంచుకోవడానికి యాప్ సంస్థలకు వీలుంది. కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూల ఛార్జీకి 1.5 రెట్లు, 2025 నాటి వాటిలో 2 రెట్లు పరిమితిగా పెట్టారు. సంక్రాంతి సెలవుల్లో ఈ హెచ్చుతగ్గులు చూసి విసిగిన అతిథికి, మారని రేటు కాస్త ఎక్కువగా ఉన్నా నచ్చుతుంది. మా పట్టిక మామూలు వేళల్లో యాప్ రేటుకన్నా ఎక్కువే ఉండేది, అయినా నలుగురిలో ముగ్గురు మా దగ్గరే తీసుకునేవారు. డబ్బు బిల్లులో కలిపి మీరే వసూలు చేసి, పదిహేను రోజులకు ఒకసారి డ్రైవర్లకు లెక్క కట్టండి. ఆ లెక్క ఒక్కరోజు ఆలస్యమైనా వారి నమ్మకం పోతుంది, అది పోయాక రాత్రి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

యాప్ స్థానంలో మాకు ఒక వాట్సాప్ నంబరు, డెస్క్ మీద ఒక మనిషి సరిపోయాయి. నలభై గదులకు రోజుకు ముప్పై ప్రయాణాలు దాటవు. రెండు రాత్రులు ఉండి వెళ్లేవారు మీ కోసం ప్రత్యేకంగా ఒక యాప్ ఎక్కించుకోరు.

మిన్నీ వ్యాన్ నుంచి నేను తెచ్చుకున్న అలవాటు ఒకటి ఉంది. ఊరు తిరిగి వచ్చాక పిల్లల సీట్లు రెండు కొనిపించి, డెస్క్ వెనుక పెట్టించాను. మన చట్టంలోనూ 2019 సవరణ తరువాత 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని తగిన సీటు గాని లేకుండా వాహనం నడిపితే 1,000 రూపాయల జరిమానా ఉంది, కానీ టాక్సీల్లో అడిగేవారు తక్కువ. మొదటి నెలలో ఆ సీట్లను ఎవరూ ముట్టుకోలేదు. తరువాత డ్రైవర్లకు ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి పట్టీ ఎలా బిగించాలో, రెండు వేళ్లు పెట్టి ఎలా చూడాలో నేర్పించి, గది బుక్ చేసుకునేటప్పుడే పిల్లల వయసు అడగడం మొదలుపెట్టాం. నేను ఉద్యోగం మానేసే నాటికి సీట్లు ఆరయ్యాయి, శనివారాల్లో అవీ చాలేవి కావు.

మీరు కార్ల షోరూముకు వెళ్లే ముందు డెస్క్ మీద ఒక రూళ్ల పుస్తకం పెట్టించండి. ఏ అతిథి ఏ వేళకు ఎక్కడికి వెళ్లారు, ఎక్కడి నుంచి వచ్చారు, దేనిలో వచ్చారు, ఎంత ఇచ్చారు, ఎంతసేపు ఎదురుచూశారు, వెంట చిన్నపిల్లలు గాని వృద్ధులు గాని ఉన్నారా అన్నవి నెల రోజులు రాయించండి. నెల నిండాక ఆ అంకెలు ఇక్కడ రాస్తే, మీకు ఎన్ని టాక్సీలతో ఒప్పందం సరిపోతుందో, రాత్రి వంతుకు ఎంత ఇవ్వవచ్చో నేను లెక్క వేసి చెబుతాను.