పార్లమెంటుకు పోటీ చేయబోతున్న మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవికి మీ పెదనాన్న ఆశీస్సులు.

నరసాపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేయాలని నువ్వు నిశ్చయించుకున్నట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. మిల్లు అరుగు మీద కూర్చుని బస్తాల లెక్క రాసిన మన ఇంటి పిల్లవాడు దేశానికి చట్టాలు చేసే సభకు వెళ్తానంటే నాకు గర్వంగా ఉంది. అయితే మన ఇంట్లో ఎన్నికల మాట వినబడితే ముందుగా మీ నాన్న సంగతే గుర్తుకు వస్తుంది కనుక, అభినందనలతో సరిపెట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

25 వేల రూపాయల డిపాజిట్ కట్టడం, ఆస్తులు, అప్పులు, కేసులు ఏవీ దాచకుండా అఫిడవిట్ నింపడం నీ న్యాయవాది దగ్గరుండి చేయిస్తాడు. తాడేపల్లిగూడెంలో నిన్ను ఎరగని వీధి లేదు గాని, మిగిలిన ఆరు అసెంబ్లీ నియోజకవర్గాల్లో నువ్వు కొత్తవాడివే. ఆచంట, ఉండి వైపు ఇప్పటినుంచే తిరుగు.

నా భయమంతా డబ్బు గురించే. మీ నాన్న మునిసిపల్ చైర్మన్ పదవికి నిలబడేనాటికి నువ్వు పలక పట్టిన వయసువాడివి. ఆ రోజుల్లో రైతులు ధాన్యం తోలి, పిల్ల పెళ్లికో పొలం కొనుగోలుకో అక్కరపడేవరకు సొమ్ము మిల్లులోనే ఉంచేవారు, చీటీ కూడా అడిగేవారు కాదు. ప్రచారం చివరి వారంలో చేతిలో డబ్బు ఆడక మీ నాన్న ఆ సొమ్ములోంచి తీశాడు. గెలిచినా ఓడినా సంక్రాంతికి సర్దేయవచ్చని నిజంగానే నమ్మాడు; అతనిది దొంగబుద్ధి అని నా ముందు ఎవరన్నా నేను ఊరుకోను. కానీ ఓడిపోయాడు, ఫలితం వచ్చిన మరునాడే రైతులు గేటు దగ్గరికి వచ్చారు. ఎవరూ గొంతు పెంచలేదు, తమ సొమ్ము తమకు ఇమ్మని మాత్రమే అడిగారు. మీ అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మి, మిల్లు తాకట్టు పెట్టి, ప్రతి పైసా తీర్చాడు. అయినా వాళ్లలో చాలామంది మళ్లీ మన మిల్లుకు ధాన్యం తోలలేదు. బజారులో వాళ్లు ఎదురైతే మీ నాన్న పక్క సందులోకి తిరిగిపోయేవాడు. ఆ బాధ నీకు రాకూడదు, నాయనా.

మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 95 లక్షల రూపాయలు. నామినేషన్‌కు ముందే ఆ ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఒప్పజెప్పాలి. ఆ ఖాతాలోకి నీ వాటా లాభం రావచ్చు, చందాలు రావచ్చు, రైతు సొమ్ము మాత్రం చేబదులుగానైనా రాకూడదు. నీతో ఉండే కుర్రాళ్లు పరిమితి మాట పట్టించుకోవద్దంటారు. వాళ్ల మాట వింటే నాతో మాట్లాడవద్దు.

మరొక సంగతి. వ్యాపారంలో భాగంగా కేంద్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే ఒప్పందం నడుస్తున్నవాడు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ కింద లోక్‌సభకు అనర్హుడవుతాడు. మిల్లు ఒప్పందాల కాగితాలన్నీ నామినేషన్‌కు ముందే న్యాయవాదికి చూపించు.

గెలిచాక కూడా ఇదే జాగ్రత్త కావాలి. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో ఉభయ సభల నుంచి 11 మందిని బహిష్కరించారు. 2023 జూలైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినటువంటి నిర్ణయం మళ్లీ వస్తే నువ్వు తప్పక మాట్లాడాలి, అయితే నాకూ మిల్లు ఉందని ముందుగా సభకు చెప్పి మాట్లాడు.

కోప్పడుతున్నానని అనుకోకు. నీకు ఎండ పడదు, ప్రచారంలో వేళకు భోజనం చెయ్యి. మిల్లులో సంతకం చేసే అధికారం కోడలికి రాసి ఇవ్వు. లెక్కల్లో ఆమె నీకన్నా గట్టిది. వచ్చే ఆదివారం గుమాస్తాను, చిట్టా పుస్తకాలను వెంటబెట్టుకుని రా, రైతుల బాకీలన్నీ తీర్చిన తరువాతే నామినేషన్ తేదీ అనుకుందాం.

మీ పెదనాన్న