హన్మకొండలో పాత లాడ్జిని బాగు చేయాలంటే ఇప్పటి హోటల్ ట్రెండ్లలో ఏవి పనికొస్తాయి?

హన్మకొండ బస్టాండ్ దగ్గర మీ బాపు నడుపుతున్న పాత లాడ్జిని బాగు చేయిద్దామనుకుంటున్నారు, హోటల్ లైన్‌లో ఇప్పుడు ఏం నడుస్తోంది, ఏదైనా పెద్ద కంపెనీ బోర్డు పెట్టుకుంటే గిరాకీ పెరుగుతుందా అని అడిగారు. నాది నక్కలగుట్ట వైపు చిన్న హోటలే. కౌంటర్లో కూర్చుని చూసినంత వరకు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

యూట్యూబ్‌లో హోటల్ ట్రెండ్లని చూపించేవి దాదాపు అన్నీ హైదరాబాద్, గోవా లెక్కలు. స్టేకేషన్లు, వెల్‌నెస్ ప్యాకేజీలు, రూఫ్‌టాప్ పూల్, ఫోన్‌తో తెరుచుకునే తలుపులు. అవన్నీ చూసి ఇంటీరియర్ డిజైనర్‌ని పిలిచారంటే చివరికి బ్యాంకు అప్పే మిగులుతుంది. మన దగ్గర కథ వేరు. హైదరాబాద్ రోడ్డు నాలుగు లైన్లయింది, ఉన్నది 145 కిలోమీటర్లు, 2023 జనవరి నుంచి వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతోంది. పొద్దున కారేసుకుని వచ్చినవాళ్లు వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట చూసుకుని, ఎక్కడో బిర్యానీ తిని, రాత్రికల్లా ఉప్పల్ దాటుతున్నారు. ఊరికి వచ్చే జనం పెరిగారు, రాత్రి పడుకునేవాళ్లు ఆ లెక్కన పెరగలేదు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది దేశంలో ఏం నడుస్తోందో కాదు, ఈ ఊళ్లో నిజంగా రాత్రి ఉండేది ఎవరు, ఎందుకు ఉంటున్నారు అన్నది. మీ రిజిస్టర్‌లో గత ఏడాది పేజీలు తిరగేసి, వచ్చిన పని అనే గడిలో ఏం రాశారో చూడండి, మీ ట్రెండ్ అందులోనే ఉంది.

నా దగ్గర పడేవాళ్లు ఎవరంటే, పరీక్షలు రాసే పిల్లలు, ఆసుపత్రి పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు, పెళ్లి విడిదులు, మెడికల్ రెప్‌లు, యూనివర్సిటీకి, నిట్‌కి పనిమీద వచ్చేవాళ్లు. రామప్ప టూరిస్టులు తర్వాత.

పరీక్షల సంగతి తీసుకోండి. గ్రూప్స్, టెట్, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అంటే ముందు రోజు సాయంత్రమే భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి దిగుతారు, అందులో ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒంటరిగా ప్రయాణించే మహిళలు అని హోటల్ వాళ్లు మీటింగుల్లో మాట్లాడుకునే ట్రెండ్ మన దగ్గర ఈ రూపంలో వచ్చింది. ఆ అమ్మాయి రూమ్‌లోకి వెళ్లగానే ఏం చేస్తుందో మా హౌస్‌కీపింగ్ అక్క చెప్పింది: ముందు లోపలి గడియ వేసి తీసి చూస్తుంది, తర్వాత బాత్రూమ్ వెంటిలేటర్ వైపు, ఆ తర్వాత అద్దం వెనక. టీవీ ఎంత పెద్దదో చూడదు. కాబట్టి తలుపుకి గట్టి గడియ, డోర్ వ్యూయర్ (తలుపు తీయకుండా బయట ఎవరున్నారో చూసే కన్నం), వెంటిలేటర్‌కి బయటి నుంచి జాలీ, కారిడార్‌లో వెలుతురు, కెమెరా, రాత్రి కౌంటర్లో మర్యాదగా మాట్లాడే మనిషి. ఇవన్నీ కలిపినా ఒక ఏసీ ఖర్చు కాదు. ఆధార్ జిరాక్స్‌లు కౌంటర్ మీద అందరికీ కనబడేలా కుప్పగా పడేసే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి, ఆ పిల్లల నాన్నలు అది కూడా గమనిస్తున్నారు. పరీక్ష రోజు పొద్దున ఆరింటికి వేడినీళ్లు, ఆరున్నరకి టీ గ్యారంటీ అని ఒక కాగితం గోడకి అంటిస్తే చాలు, మళ్లీ పరీక్షకి మీ దగ్గరికే వస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో నలుగురికి చెప్తారు కూడా.

ఆసుపత్రి వాళ్లకి కావాల్సింది ఇంకా తక్కువ: లిఫ్టు, వారం రేటు, జావ కాచుకోవడానికో వేడినీళ్లు పెట్టుకోవడానికో ఒక కెటిల్. వాళ్ల దగ్గర చెకౌట్ టైమ్ గురించి పంచాయితీ పెట్టకండి. పన్నెండింటికి ఖాళీ చేయాలనే రూలు పెద్ద హోటళ్లది. మన పాత లాడ్జీల్లో దిగిన టైమ్ నుంచి 24 గంటలు లెక్క, ఇప్పుడు పెద్ద కంపెనీలే ఎప్పుడైనా దిగొచ్చు అంటూ దాన్ని కొత్త సౌకర్యంలా అమ్ముకుంటున్నాయి. మీ బాపు ఆ పద్ధతి ఇంకా నడుపుతుంటే మార్చకండి, బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఇక పెళ్లిళ్లు. డబ్బు ఇక్కడుంది. ఇదివరకు పెళ్లంటే విడిదికి నాలుగు రూమ్‌లు, ఒక రాత్రి. ఇప్పుడు మన వైపు కూడా హల్దీ, మెహందీ, సంగీత్ అన్నీ వచ్చేశాయి, ఒక రాత్రి కాస్తా రెండు మూడు రాత్రులైంది. ఫంక్షన్ హాల్ పెళ్లికే తీసుకుంటారు, హల్దీకి ఎనభై, వంద మంది పట్టే చోటు వెతుక్కుంటారు. మీకు పైన డాబా ఖాళీగా ఉంటే రూమ్‌ల మీద పెట్టే డబ్బులో కొంత దానికి మళ్లించండి: రేకుల షెడ్డు, గట్టి రెయిలింగ్, నీళ్ల కొళాయి, రెండు ప్లగ్ పాయింట్లు, కడిగితే పోయే ఫ్లోరింగ్. పది గంటలకి సౌండ్ ఆపాలని అడ్వాన్స్ తీసుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోండి, లేకపోతే పక్క రూమ్‌లో పడుకున్న ఆసుపత్రి పేషెంట్ బంధువు మీ మీద గూగుల్‌లో ఒక స్టార్ పెడతాడు.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. తెల్ల దుప్పట్లు, తెల్ల టవళ్లు ఇప్పుడు స్టాండర్డ్, శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తాయి, నిజమే. కానీ హల్దీ అయ్యాక అందరూ చేతులు, మెడలు తుడుచుకునేది ఆ టవళ్లకే, రాత్రి మెహందీ చేతులతో పడుకునేది ఆ దిండు కవర్ల మీదే. పసుపు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, ధోబీ బ్లీచ్ కొట్టి కొట్టి గుడ్డ చినిగే దాకా తెస్తాడు, మెహందీ మరక అసలు వదలదు. అందుకే పెళ్లి బుకింగ్ రూమ్‌లకి మెరూన్ టవళ్లు, ముదురు రంగు దిండు కవర్లు వేరే సెట్ పెట్టుకున్నాను, వచ్చినవాళ్లు కూడా నిశ్చింతగా తుడుచుకుంటారు.

పన్ను లెక్క మారింది, రిపేర్లు మొదలుపెట్టకముందే చూసుకోండి. 2022 జూలై 18కి ముందు వెయ్యి లోపు రూమ్‌కి జీఎస్టీ లేదు కాబట్టి లాడ్జి రేటు బోర్డుల మీద 999 అని ఉండేది, గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత వాటికీ 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న రూమ్‌లకి 5 శాతమే, వినడానికి బాగుంది, కాకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మీరు కొనే ఏసీ మీద, పరుపుల మీద, పెయింట్ మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, మీ ఖర్చులోనే కలిసిపోతుంది. అదే రోజు ఏసీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గడం కొంత ఊరట. కాంట్రాక్టర్ ఇచ్చే కొటేషన్ పన్నుతో కలిపా, విడిగానా అని అడిగి రాయించుకోండి.

ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లు మానేయలేం, మొదటిసారి వచ్చేవాడు ఫోన్‌లోనే వెతుకుతాడు. కానీ ఒక రూమ్ లెక్క వేసి చూడండి. 1,800 రూమ్‌కి కమీషన్ 20 శాతం అనుకుంటే 360 పోయింది, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 64.80, దానికీ క్రెడిట్ లేదు. మీ చేతికి మిగిలింది 1,375 రూపాయలు. అర శాతం టీసీఎస్, 0.1 శాతం టీడీఎస్ అని పన్ను కూడా యాప్ వాళ్లు ముందే పట్టుకుంటారు గానీ అవి తర్వాత సర్దుబాటవుతాయి, మీ అకౌంటెంట్‌ని అడగండి, చాలామంది అడగరు. పోయినేడు ఒక యాప్ వాళ్లు నన్ను అడక్కుండానే డిస్కౌంట్ ఆఫర్‌లో చేర్చేసి, అది తీయించుకోవడానికి నాతో కాల్ సెంటర్ చుట్టూ ప్రదక్షిణలు చేయించారు, మస్తు టెన్షన్ పడ్డాను. అప్పటి నుంచి నెల మొదట్లో ప్రతి యాప్‌లోనూ నా రూమ్ రేటు గెస్ట్‌కి ఎంత కనిపిస్తోందో నేనే వెతికి చూస్తాను. యాప్ రేటు కంటే బయట తక్కువకి అమ్మకూడదని షరతు ఉంటుందేమో, యాప్ వాళ్లు ఊరుకోరేమో అని కూడా కొందరు భయపడతారు. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) మేక్‌మైట్రిప్-గోఐబిబోకి 223 కోట్లు, ఓయోకి 168 కోట్లు జరిమానా వేసినప్పుడు మేక్‌మైట్రిప్‌ని ఇలాంటి రేటు షరతులు తీసేయమనే చెప్పింది. మీ అగ్రిమెంట్‌లో ఆ లైన్ ఉందేమో చదువుకోండి. నేనైతే యాప్‌లో వచ్చినవాడికి చెకౌట్ అప్పుడు కార్డు ఇచ్చి, ఈసారి నేరుగా వాట్సాప్ చేయండి సార్, వంద తక్కువకే ఇస్తాను అంటాను. మెడికల్ రెప్‌లు అందరూ ఇప్పుడు అలాగే వస్తారు. వాళ్లకి కంపెనీ పేరు, జీఎస్టీ నంబర్‌తో బిల్లు పీడీఎఫ్ ఫోన్‌కి పంపితే చాలు, అదే వాళ్లకి సగం రూమ్ సర్వీస్.

టూరిస్టుల గురించి కూడా చెప్పాలి. రామప్పకి 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక వచ్చేవాళ్లు మారారు, బెంగళూరు, పుణె వాళ్లు కూడా కనిపిస్తున్నారు. వీళ్లని ఒక రాత్రి ఆపాలంటే రూమ్ ఫోటోతో పని కాదు, రెండో రోజు ఏం చేయాలో చెప్పాలి. ఊళ్లోవి మొదటి రోజు, పొద్దున్నే బయల్దేరి రామప్ప, అటు నుంచి లక్నవరం చెరువు రెండో రోజు, నమ్మకమైన కారు డ్రైవర్ నంబర్, దారిలో తినడానికి కట్టిన ఇడ్లీ. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపడం మర్చిపోవద్దు. మేడారం జాతర రెండేళ్లకోసారి, ఆ నాలుగు రోజుల కోసం ఏ పెట్టుబడీ పెట్టకండి. వచ్చే భక్తుల్లో ఎక్కువమంది అక్కడే గుడారాలేసుకుంటారు, మన దగ్గర దిగేది కార్లలో వచ్చే కుటుంబాలు, అది కూడా దుమ్ము కొట్టుకుని వచ్చి స్నానం చేసి పడుకోవడానికి.

రెస్టారెంట్ పెట్టొద్దు. స్విగ్గీ, జొమాటో ఉన్నాక గెస్ట్ రూమ్‌లోకే తెప్పించుకుంటాడు, మీరు రెండు ప్లేట్లు, స్పూన్లు, చెత్తకి ఒక కవర్ ఇస్తే దండం పెడతాడు. వంటమనిషి దొరకడమే కష్టం, దొరికినవాడు హైదరాబాద్‌లో ఇంకో మూడు వేలు ఎక్కువిస్తే దసరాకి ఊరెళ్లి తిరిగి రాడు. పొద్దున టిఫిన్ మాత్రం పక్క టిఫిన్ సెంటర్‌తో మాట్లాడుకోండి. వారానికోసారి సర్వపిండి పెట్టిస్తే బయటి రాష్ట్రం వాళ్లు ఫోటోలు తీసుకుంటారు, మనవాళ్లు ఇంకోటి అడుగుతారు.

కంపెనీ బోర్డు విషయానికొస్తే, మీకు పదిహేను, ఇరవై రూమ్‌లే ఉంటే నా ఓటు వద్దనే. మొదటి మూడు నెలలు నిండుతుంది, ఆ తర్వాత రేటు వాళ్ల చేతిలోకి పోతుంది, గంటల లెక్కన రూమ్ తీసుకునే బేరం పెరిగి మీ ఫ్యామిలీ గిరాకీ జారిపోతుంది. పరీక్ష రాసే పిల్ల తండ్రి ఆ బోర్డు చూసి ముందుకి వెళ్లిపోవడం నేను చూశాను. అయినా పెట్టుకుంటామంటే మూడు విషయాలు రాతలో తీసుకోండి: రూమ్ నిండకపోయినా నెలకి ఇంత ఇస్తామనే గ్యారంటీ ఎన్నాళ్లు, మధ్యలో బయటికి రావాలంటే ఎంత కట్టాలి, గూగుల్ మ్యాప్‌లో మీ హోటల్ పేజీ ఎవరి మెయిల్ మీద ఉంటుంది. మూడోది మాత్రం వదులుకోకండి. కాంట్రాక్టు అయిపోయాక బోర్డు మీరే దించుకోగలరు, ఆ పేజీలో ఉన్న మీ రివ్యూలు, ఫోన్ నంబర్ వాళ్ల చేతిలో ఉంటే తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.